ఏడో బోరు నీళ్ళు

ఒకటో నమోదు
బండి బయల్దేరడానికి పదకొండు రోజులు

సుంకమ్మ టీచరు ఈసారి ప్రాజెక్టుకు మెలిక పెట్టారు. ప్రాచీన చరిత్ర నుంచి ఒక విషయం తీసుకుని, దానికి ఒక ప్రాథమిక ఆధారం, ఒక ద్వితీయ ఆధారం చూపించి, దేన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చాలట. పైగా ఏం చూశామో, ఏమనుకున్నామో ఎప్పటికప్పుడు ఇలా రాసిపెట్టాలట. చదువరిని అడిగి రాస్తే సున్నా. చదువరి అంటే మా ఊరి యంత్రం. పాత కాగితాలన్నీ దాని కడుపులో ఉన్నాయి, దేని గురించి అడిగినా రెండు వాక్యాల్లో తేల్చేస్తుంది. అదుండగా ఆ పాత కాగితాలు పట్టుకుని చదివేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

"ఆ కాలంలో ఆడ ఉన్నోళ్ళు రాసిందో, వాడిన సామానో ప్రాథమికం," అన్నారు టీచరు. "దాన్ని పట్టుకోని తర్వాతోళ్ళు చెప్పింది ద్వితీయం. ఏది చేతికొచ్చినా ముందు అడగండి. ఎవురు రాసినారు, ఎప్పుడు రాసినారు, ఎవురి కోసరం రాసినారు, కండ్లతో సూసినారా, ఒకరు చెప్తే విన్నారా."

నా పేరు హంపమ్మ, పదో తరగతి. మా ఊరు ఎర్రదొడ్డి. రెండు వందల ఏళ్ళ కిందట భూమి నుంచి అంగారకుడి మీదికి వచ్చిన తొలివాళ్ళు కట్టిన ఊరు. ఇవి టీచరుకు తెలియక కాదు, ఎప్పుడో ఎవరో చదివితే తికమక పడకూడదని ఆమే రాయమన్నారు.

విషయం కోసం నేను వెతుక్కోనక్కర్లేదు. ఊరంతా ఒకటే మాట, ఏడో బోరు. మేం తాగేది ఎనిమిదో బోరు నీళ్ళు. నేల కింది మంచును కరిగించి తోడుకుంటాం, ఆ మంచు ఇప్పుడు అడుగంటుతోంది. మా చరిత్ర పుస్తకం నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: "తొలివాళ్ళు ఏడో బోరుకు నీళ్ళు వదిలారు. రాబోయే తరాల కోసం ముందుచూపుతో దాచిన ఆ నీళ్ళు నేటికీ అక్కడ గడ్డకట్టి ఉన్నాయి." ఆ పేజీని నమ్ముకుని ఊరి పెద్ద ఓబులేసు మామ ఒక బండిని పంపుతున్నారు. పోవడానికే ఎనిమిది రోజుల దారి. తవ్వే సామాను పోను అందులో పట్టేవి నలుగురికి పది రోజుల నీళ్ళే. తిరిగొచ్చేటప్పుడు తాగాల్సినవి ఏడో బోరులోంచే తోడుకోవాలి.

ఆ బండి తోలేది మా అమ్మ, తిమ్మక్క.

అమ్మ పాట పాడుకుంటూ చక్రాలకు గ్రీజు పెడుతోంది. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పిల్లిని నేను చూడలేదు, మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. కాలు కాలితే అది ఎలా తిరుగుతుందో మాత్రం ఇప్పుడు బాగా తెలిసింది.

రెండో నమోదు
పది రోజులు

ద్వితీయ ఆధారం దొరికింది. అది మా చరిత్ర పుస్తకమే. ఎవరు రాశారా అని మొదటి పేజీ తిప్పితే, రచన: సుంకమ్మ. ఇన్నేళ్ళుగా ఆ పుస్తకం మోస్తున్నాను, ఒక్కసారైనా ఆ పేరు నా కంటపడలేదు.

నా నోరు ఊరుకోదు కదా. క్లాసులో లేచి అడిగేశాను. "టీచర్, ఏడో బోరు సంగతి మీరు కండ్లతో సూసినారా, ఒకరు చెప్తే విన్నారా?"

అందరూ నవ్వారు. టీచరు నవ్వలేదు. చేతిలో సుద్దముక్కను బల్ల మీద పెట్టారు.

"చదువరి చెప్పింది, నేను రాసినా," అన్నారు. "ఇరవై రెండేండ్లాయె. అప్పుడు కాగితం తీసి సూడాలని నాకు తోచలే."

బడి అయిపోయాక నన్ను ఆపి, తొలివాళ్ళ కాగితాల పెట్టె తెరిచి చూపించమని ఓబులేసు మామకు చీటీ రాసిచ్చారు. "పోయి సూడు హంపమ్మా. నేను చేయాల్సిన పని అది," అన్నారు. ఆమెను అందరి ముందూ అలా అడిగినందుకు సిగ్గేసింది. అయినా అడక్కుండా ఉండగలిగేదాన్ని కాదు.

మూడో నమోదు
ఎనిమిది రోజులు

ఓబులేసు మామ రెండు రోజులు తిప్పించుకున్నారు. "బండి పనిలో తల గోక్కునేదానికి తీరిక లేదు, నీ మార్కుల కోసరం పెట్టె తెరవాల్నా?" అని విసుక్కుని, టీచరు చీటీ మూడోసారి చూపించాక తాళం తీశారు. "చేతులు బాగా దులుపుకోని పట్టు పాపా. చిరిగిందంటే మీ అమ్మను గూడా నిలదీస్తా."

పెట్టెలో కుళ్ళాయప్ప దినచర్య పుస్తకం ఉంది. ఆయన తొలివాళ్ళ బోరు మేస్త్రీ. ఎనిమిది బోర్లూ ఆయన చేతి మీదుగా వేసినవే. ఇంతకన్నా మంచి ప్రాథమిక ఆధారం ఇంకెక్కడ దొరుకుతుంది? అక్కడే ఉన్నాడు, ఏ రోజుది ఆ రోజే రాశాడు, తనకోసమే రాసుకున్నాడు.

కష్టమల్లా చదవడమే. పాతకాలం చేతిరాత చదవడం నాకు ఇదే మొదలు. ఆయన 'వ'కూ 'ప'కూ తేడా లేకుండా రాశాడు. వత్తులు కింది వరుసలోకి జారిపోయాయి. ఒక పేజీకి గంట పట్టింది, తీరా చూస్తే అందులో సగం ఆయన మోకాళ్ళ నొప్పి గురించి.

నాలుగో నమోదు
ఏడు రోజులు

దొరికింది! నలభై మూడో ఆకు, కింది నుంచి మూడో వరుస. "ఏడో బోరుకు నీళ్ళొదులుకున్నాం. రేపట్నుంచి ఎనిమిదోదాని పని."

ఏడో బోరూ ఉంది, నీళ్ళూ ఉన్నాయి. రెండు ఆధారాలూ ఒకటే చెబుతున్నాయి, ఇక నా ప్రాజెక్టు అయిపోయినట్టే. పరుగున పోయి అమ్మకు చెప్పాను. అమ్మ బండి కింది నుంచి బయటికొచ్చి, గ్రీజు చేతులతోనే నా ముఖం పట్టుకుని ముద్దు పెట్టింది.

"సూసినారా? ముసలాయన చేతిరాతే ఉండాదంట!" అని తనతో వచ్చే ముగ్గురికీ గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. పుస్తకంలో "వదిలారు" అని ఉంది. ఆయనేమో "వదులుకున్నాం" అన్నాడు. పట్టు వదులుకున్నాం అంటాం, ఆశ వదులుకున్నాం అంటాం. ఉన్నది పోయినప్పుడు కదా ఆ మాట అనేది? దాచిపెట్టినదాన్ని అలా అంటారా? పాతకాలం మాటతీరు అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

ఐదో నమోదు
ఐదు రోజులు

మళ్ళీ పెట్టె దగ్గరికే పోయాను. "అయిపోయిందంటివి గదా?" అని ఓబులేసు మామ సణిగారు. ఈసారి మొదటి ఆకు నుంచి ఒక్క వరుస కూడా వదలకుండా ఆ ఒక్క మాట కోసం వెతికాను.

పన్నెండో ఆకు: "నా ఇస్టీలు చెంబు ఎవురో ఎత్తకపోయినారు. వారం దినాలు ఎతికినా. ఇంగ దానికి నీళ్ళొదులుకున్నా."

పకపకా నవ్వొచ్చింది. చెంబే పోయిందంటే దానికి నీళ్ళు వదలడం ఏమిటి? సరదాకు గోడ మీది చదువరిని అడిగాను. "కుళ్ళాయప్ప తన చెంబులోకి నీళ్ళు వదిలాడు," అంది అది, ఒక్క క్షణం కూడా తడబడకుండా.

ముప్పయ్యో ఆకు: "రెండో బండి ఇసకలో పీకల్దాకా కూరకపాయ. మూడు దినాలు లాగినాం. దానికి నీళ్ళొదులుకోని నడ్సుకుంటా వచ్చినాం."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎడారిలో నడిచి రావాల్సినవాళ్ళు చేతిలో ఉన్న నీళ్ళు తీసి బండికి పోస్తారా? చదువరిని మళ్ళీ అడిగాను. "తొలివాళ్ళు రెండో బండిలోకి నీళ్ళు వదిలారు," అంది.

చెంబు పోయింది. బండి పోయింది. దేని గురించి ఆయన ఆ మాట అన్నా అది పోయిందే. మరి ఏడో బోరు?

ఇక చదవలేక కాగితాలు పెట్టెలో పెట్టేశాను.

ఆరో నమోదు
నాలుగు రోజులు

మూడు వాక్యాలూ ఒక కాగితం మీద రాసి టీచరుకు చూపించాను. ఆమె పెదవులు కదుపుతూ నాలుగుసార్లు చదివారు.

"మనం కాలుగాలిన పిల్లి అంటాం గదా టీచర్, పిల్లిని సూసినోళ్ళెవురు? ఇది గూడా అట్లాంటి మాటే అనుకుంటా. పిల్లి మాట మనకు మిగిలింది, ఇది మిగల్లే," అన్నాను.

టీచరు మెల్లగా అన్నారు. "ఎందుకు మిగల్లేదో నాకు తెలుస్తాండాది. భూమ్మీద నీళ్ళు కిందికి వదిల్తే మట్టి తాగేస్తాది. మళ్ళ చేతికి రావు. ఇంగ పోయిందిలే, దాని మీద ఆశ లేదు అనేదానికి ఆ మాట అనింటారు. మన ఊర్లో నీళ్ళు యాడ వదుల్తాం? తొట్టిలోకి. చుక్క కింద పడినా గుడ్డతో అద్ది, పిండి, వడగట్టి మళ్ళ తొట్టిలోకే వదుల్తాం. మనకు నీళ్ళు వదలడమంటే దాచిపెట్టడమే."

అంతటితో ఆమె ఆగలేదు. ఒక్కరి రాత పట్టుకుని తీర్పు చెప్పకూడదు, ఆ కాలంవాళ్ళే ఇంకొకరు ఏమన్నారో చూడాలన్నారు. ఇద్దరం కలిసి పెట్టె అడుగు నుంచి స్టోరు పుస్తకం తీశాం. సామాను ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో రాసిపెట్టుకున్న పుస్తకం అది. రాసినవాళ్ళ పేరు లేదు. కుళ్ళాయప్ప ఆ వాక్యం రాసిన మూడో రోజు తేదీ వేసి ఒక వరుస ఉంది: "ఏడో బోరు పైపులు తొంభై ఆరు. పైకి లాగినవి. ఎనిమిదో బోరుకు ఇవ్వడమైనది."

టీచరు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. "ఇరవై రెండేండ్లు పిల్లోళ్ళకు ఇదే చెప్పినా," అన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను.

ఏడో నమోదు
మూడు రోజులు

అమ్మకు చెప్పాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"ఉండాదని నువ్వే చెప్తివి. నేను పోయి నలుగురికి చెప్తి. ఇప్పుడొచ్చి లేదంటావా?"

"అప్పుడు ఒక్క వరసే చదివినా అమ్మా."

"ఎప్పుడో ఎవురిదో చెంబు పోయిందని నన్ను ఆగిపొమ్మంటావు!"

"చెంబొకటే కాదు, పైపులు గూడా పీకేసినారు. స్టోరు పుస్తకంలో ఉండాది. టీచరు గూడా సూసినారు."

"టీచరే గదా ఆడ నీళ్ళుండాయని పుస్తకం రాసింది!" అని అమ్మ గ్రీజు డబ్బాను బల్ల మీద గట్టిగా పెట్టింది. "ఎనిమిదోది ఎండిపోతాంటే ఊరు ఏం తాగాల? నువ్వేం తాగుతావు? నీ కోసరం కాదా నేను పోతాండేది?"

ఇక నేను అరిచేశాను. "ఆడ నీళ్ళు లేకపోతే నువ్వు రావు! నాకు మార్కులొద్దు, ప్రాజెక్టు వద్దు, నువ్వు కావాల!"

అమ్మ డబ్బా తీసుకుని బండి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

ఎనిమిదో నమోదు
రెండు రోజులు

ఈరోజు బండి తాళంచెవి దొంగిలించాను. ఇది ఆధారాల లెక్కలోకి రాదు, అయినా నిజం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

పూటంతా జేబులో పెట్టుకుని తిరిగాను. అందరూ వెతికారు. ఓబులేసు మామ కొలిమి దగ్గర ఇంకో తాళంచెవి చేయించే మాట ఎత్తారు. తాళంచెవి దాచినంత మాత్రాన ఆ పేజీ మీద వాళ్ళకున్న నమ్మకం పోదని అప్పుడు తెలిసొచ్చింది. తీసుకెళ్ళి సీటు కింద పెడుతుంటే అమ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"రేపు ఊరి సభలో అందరి ముందర చెప్తావా, నాకు చెప్పింది?" అని మాత్రం అడిగింది. చెప్తానన్నాను. టీచరు దగ్గరికి పరుగెత్తాను.

తొమ్మిదో నమోదు
ఒక్క రోజు

సభకు ఊరంతా వచ్చింది, తొంభై మందికి పైనే. సభలో కూర్చున్న మనిషికో లోటా నీళ్ళు ఇవ్వడం మా ఊరి ఆనవాయితీ. ఇప్పుడు సగం లోటాయే ఇస్తున్నారు.

ముందు టీచరు లేచారు. "నలభై ఒకటో పేజీ తప్పు. రాసింది నేనే. కాగితం సూడకుండా, చదువరి చెప్పిందే పుస్తకంలో ఎక్కించినా," అన్నారు. తర్వాత నన్ను చదవమన్నారు. చెంబు, బండి, ఏడో బోరు, పైపులు. వరుసగా చదివాను.

వెనక నుంచి ఎవరో, "ఏందో ఒకటి, బండిని పోనీండి, సూసొస్తారు," అన్నారు.

"పోయినోళ్ళు మళ్ళ రావాల గదా!" అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు.

ఓబులేసు మామ చెయ్యెత్తి అందరినీ ఆపారు. నామీద కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. "పాపా, ఒక మాటకు నూరర్థాలుంటాయి. నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. ఆడ లేవంటే మనకు ఇంగ యాడా లేవు. ఆ మాట నేను ఈ జనానికి ఎట్ల చెప్పేది?" అన్నారు. ఆయనకూ భయమే అని అప్పుడు అర్థమైంది. పది రోజులుగా ఆయన విసుగంతా అదే.

అమ్మ లేచింది. నావైపు చూడకుండా చెయ్యి చాపి స్టోరు పుస్తకం అడిగింది. వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తనే చదువుకుంది. తొంభై ఆరు. పైకి లాగినవి. రెండోసారి కూడా చదివింది.

"మామా," అంది. "నేను ఇరవై ఏండ్లుగా బండి తోల్తాండా, బోర్లకాడ పని చేస్తాండా. నీళ్ళుండే బోర్లోంచి ఎవురన్నా పైపులు పీకుతారా?"

ఓబులేసు మామ తల దించుకున్నారు.

అమ్మ తన లోటా చేతిలోకి తీసుకుంది. తాగుతుందనుకున్నాను. అందరూ చూస్తుండగా దాన్ని పక్కకు వంచి, ఉన్న నీళ్ళన్నీ నేల మీదికి వదిలేసింది.

"ఏడో బోరుకు," అంది.

మాటలు రాని పిల్లలు కూడా చుక్క పడితే గుడ్డ కోసం పాకే ఊరు మాది. ముందు వరుసలో ఒకాయన అలవాటు కొద్దీ గుడ్డ తీసి వంగబోయాడు, అమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆయన వెనక్కి తగ్గాడు. ఇంకెవరూ కదల్లేదు. నేను పోయి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ ఏడుస్తోంది. నాకు అమ్మ దక్కింది, అయినా నాకూ ఏడుపు ఆగలేదు.

మా గాలిలో తడి ఎక్కువసేపు నిలవదు. మడుగు అంచుల నుంచి ఆరుతూ, చిన్నదవుతూ వచ్చింది. అది పూర్తిగా ఆరేదాకా ఓబులేసు మామ మాట్లాడలేదు. ఆరాక, ఎనిమిదో బోరులో ఇంకా ఎన్ని రోజుల నీళ్ళున్నాయని అడిగారు.